ఊడబీకే ముందు ఒక్క నిమిషం!

పూర్వం ఇంట్లో విలువైన వస్తువులన్నీ భోషాణంలో వుండేవి. పట్టుచీరలూ, వెండి చెంబులూ, పొలం దస్తావేజులూ అన్నీ అందులోనే. దాని తాళంచెవి ఇల్లాలి బొడ్డున వుండేది. ఇప్పటి భోషాణం అరచేతిలో ఇమిడిపోతుంది. నల్లగా, తమలపాకుల కట్టంత వుంటుంది. ఒక పక్కనుంచి జానెడు తీగ వ్రేలాడుతూ వుంటుంది. దాన్నే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు అంటున్నాం.

అందులో ఏముంటుంది? అమ్మాయి పెళ్ళి వీడియో వుంటుంది. మనవడి బారసాల ఫొటోలు వుంటాయి. కాలం చేసిన నాన్నగారి గొంతు వుంటుంది. కొట్టు జమాఖర్చులుంటాయి. పరిశోధక విద్యార్థి అయితే నాలుగేళ్ళ కష్టమంతా అందులోనే వుంటుంది. భోషాణం మూత వేసేటప్పుడు వేళ్ళు నలగకుండా, చీర కొంగు పడకుండా మనవాళ్ళు ఎంతో జాగ్రత్త పడేవారు. ఈ పెట్టెను మాత్రం పని కాగానే ముల్లంగి దుంపను పీకినట్లు కంప్యూటరు నుంచి ఊడబీకి సంచిలో పడేస్తున్నాం.

“పీకితే ఏమవుతుందండీ? నేను వందసార్లు పీకాను, ఏమీ కాలేదు” అనే వారున్నారు. వారి మాట అబద్ధం కాదు. చాలాసార్లు ఏమీ కాదు. అసలు చిక్కంతా అక్కడే వుంది. వందసార్లు ఏమీ కాకపోవడంవల్ల నూటొకటోసారి ఏమి జరిగిందో మనకు అర్థం కాదు. డిస్కు మంచిది కాదంటాం, కంపెనీని తిడతాం. మన చేతిని మాత్రం అనుమానించం.

తెరమీద మాట – డిస్కుమీద వ్రాత

ఒక ఇంట్లో పెళ్ళి జరిగిందనుకుందాం. అమ్మాయీ అల్లుడూ మర్నాడు అమెరికా వెళుతున్నారు. పెళ్ళి వీడియో హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తున్నారు. తెరమీద పచ్చని గీత మెల్లగా నిండుతోంది. బయట కారు హారను మోగుతోంది. గీత నిండింది, కిటికీ మాయమయింది. “అయిపోయింది, పద పద!” అని ఎవరో తీగ లాగేశారు. తీరా అక్కడికి వెళ్ళి, స్నేహితులను పిలిచి చూపిస్తే, వీడియో సరిగ్గా మంగళసూత్రధారణ దగ్గర ఆగిపోయింది!

గీత నిండింది గదా, మరి ఎందుకిలా జరిగింది?

దీనికి జవాబు పాతకాలపు కొట్లో గుమాస్తాను చూస్తే దొరుకుతుంది. బేరం జోరుగా వున్నప్పుడు షావుకారు వరసగా లెక్కలు చెబుతూ వుంటాడు. గుమాస్తా ఒక్కొక్క పద్దుకూ లేచి, బీరువా తీసి, లావుపాటి పుస్తకం దించి, పుటలు తిప్పి వ్రాస్తూ కూర్చుంటే బేరం సాగదు. అందుచేత చిన్న కాగితం ముక్కమీద గబగబా గీకి పెట్టుకుంటాడు. “వ్రాశావా?” అని షావుకారు అడిగితే “వ్రాశానండీ” అంటాడు. సాయంకాలం తీరిక చూసుకుని అసలు పుస్తకంలోకి ఎక్కిస్తాడు.

కంప్యూటరు చేసేదీ ఇదే. దాని లోపలి తాత్కాలిక జ్ఞాపకాన్ని ర్యామ్ అంటారు. అది సెకండుకు వేలకొద్దీ మెగాబైట్లు అందుకోగలదు. మన చిన్న హార్డ్‌డిస్కు సెకండుకు సుమారు 100 మెగాబైట్లు వ్రాస్తే గొప్ప. ఇంత తేడా వున్నప్పుడు, వ్రాయవలసినది ముందు ర్యామ్‌లో పెట్టుకుని “అయిపోయింది” అని మనకు చెప్పి, తరవాత నింపాదిగా డిస్కుమీద వ్రాయడం కంప్యూటరుకు పరిపాటి. దీన్ని రైట్ క్యాషింగ్ అంటారు. లినక్స్ యంత్రాలలో మామూలు ఏర్పాటు ప్రకారం క్రొత్త సమాచారం సుమారు 30 సెకండ్లదాకా ర్యామ్‌లోనే కూర్చుని వుండవచ్చు. పెద్ద సినిమా ఫైలును పెన్‌డ్రైవులోకి పంపితే క్షణంలో అయిపోయినట్లు కనిపించి, దాన్ని విడదీయమన్నప్పుడు మాత్రం నిమిషాల తరబడి ఆగిపోవడం లినక్స్ వాడేవారికి అనుభవమే. అప్పుడు ఆ యంత్రం మొరాయించడం లేదు. కాగితం ముక్కల మీది లెక్కలను పుస్తకంలోకి ఎక్కిస్తోంది.

ఆ ఎక్కింపు పూర్తికాకముందే తీగ లాగితే, కాగితం ముక్క జేబులో పెట్టుకున్న గుమాస్తాను కొట్లోంచి గెంటివేసినట్లే!

పద్దు కంటె పుస్తకం పోవడం ప్రమాదం

చివరి ఫైలు ఒక్కటి పోతే ఆ నష్టం ఒకలాగా సర్దుకోవచ్చు. ఒక్కొక్కప్పుడు మొత్తం డిస్కే తెరుచుకోదు. ఎప్పుడో అయిదేళ్ళ క్రితం వ్రాసిన ఫొటోలకు ఇప్పుడు తీగ లాగడానికీ సంబంధం ఏమిటి?

డిస్కుమీద ఫొటోలు వేరు, ఏ ఫొటో ఎక్కడ వుందో చెప్పే పట్టిక వేరు. పట్టిక లేకపోతే ఫొటో వుండికూడా లేనట్లే. పొలం గట్లు చెక్కుచెదరకుండా వున్నా, రికార్డులో ఆ పుట చిరిగిపోతే అది ఎవరి పొలమో తేలక జనం కోర్టుల చుట్టూ తిరగడం లేదూ? క్రొత్త ఫైలు ఒక్కటి చేర్చినా ఈ పట్టికలో కొన్నిచోట్ల దిద్దుబాట్లు చెయ్యాలి. సగం దిద్దిన సమయంలో కరెంటు పోతే ఒక పుట ఒకటి చెబుతుంది, రెండో పుట మరొకటి చెబుతుంది.

ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి ఇంజనీర్లు మంచి ఉపాయమే చేశారు. మన వర్తకులు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెడతారు గదా! జరిగినది జరిగినట్లు ముందు చిట్టాలో పడుతుంది, తరవాత ఆవర్జాకు ఎక్కుతుంది. ఆవర్జా తప్పిపోతే చిట్టా చూసి సరిదిద్దుకోవచ్చు. విండోస్‌లో 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతీ, లినక్స్‌లో ఎక్స్‌ట్ 3, ఎక్స్‌ట్ 4 పద్ధతులూ ఇలాంటి చిట్టా పెడతాయి. దాన్ని జర్నల్ అంటారు.

అయితే పెన్‌డ్రైవులలోనూ, చాలా బయటి డిస్కులలోనూ వుండే ఫ్యాట్ 32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులకు ఆ చిట్టా లేదు. విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, టీవీలోనూ, కెమెరాలోనూ అన్నిచోట్లా పనిచేస్తాయని వాటిని ఎంచుకుంటాం. ఎక్కువ ఇళ్ళు తిరిగే పెట్టెకే తక్కువ రక్షణ వుందన్నమాట. జర్నల్ వున్న డిస్కుకు కూడా అభయహస్తం లేదు. చిట్టా సాధారణంగా పట్టికను కాపాడుతుందే గాని, ఇంకా వ్రాయని వీడియోను పుట్టించలేదు.

లోపల తిరిగే చక్రం

1956 సెప్టెంబరులో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ రామాక్ అనే యంత్రాన్ని ప్రకటించింది. హార్డ్‌డిస్కుల వంశానికి మూలపురుషుడు అందులోనిదే. 24 అంగుళాల వెడల్పు పళ్ళేలు 50 ఒకదానిపై ఒకటి తిరిగేవి. టన్నుకు మించిన బరువు. అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు; అంటే ఈనాటి సెల్‌ఫోనులో తీసే ఒకటి రెండు ఫొటోలకు సరిపోతుంది. ఆ యేడాదే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అప్పట్లో హార్డ్‌డిస్కును ఊడబీకి సంచిలో వేసుకుపోదామనే ఆలోచన ఎవరికీ వచ్చి వుండదు!

నేటి డిస్కు చిన్నదే గాని లోపలి సూత్రం అదే. జేబు డిస్కులలో పళ్ళెం సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే సెకండుకు 90 చుట్లు. పళ్ళెం అంచు గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతూ వుంటుంది. దానిపైన చదివే, వ్రాసే “తల” గాలిపొర మీద తేలుతూ వుంటుంది. తలకూ పళ్ళేనికీ మధ్య ఎడం వెంట్రుక మందంలో పదివేలవ వంతు కూడా వుండదు. తల పళ్ళేన్ని తాకితే గీత పడుతుంది. ఆ గీత క్రింద వున్న సమాచారం పోయినట్లే.

అందుకని పని ముగియగానే తల ప్రక్కకు వెళ్ళి తన అరుగుమీద కూర్చోవాలి. కంప్యూటరుకు చెప్పి విడదీస్తే అది నెమ్మదిగా వెళ్ళి కూర్చుంటుంది. చెప్పకుండా కరెంటు తీసేస్తే? అందుకు కూడా ఏర్పాటు వుంది. కరెంటు పోయినా పళ్ళెం వెంటనే ఆగదు. ఆ తిరుగుడు వేగంనుంచే మోటారు కాస్త విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ విద్యుత్తుతోనే తల వెనక్కు లాగబడుతుంది. ప్రాణం పోయేముందు కూడా యజమాని సొత్తు కాపాడే నమ్మినబంటు అది! ఆ గెంతు ఆపత్సమయానికి పెట్టినదే గాని రోజువారీ వాడుకకు కాదు. అరుగుమీదికి మామూలు రాకపోకలు లక్షలసార్లు తట్టుకునే డిస్కు, ఇలాంటి గెంతులు అందులో చాలా కొద్ది భాగమే తట్టుకుంటుంది. చాలా డిస్కులు అలాంటి గెంతులు ఎన్ని పడ్డాయో లోపల లెక్క వ్రాసుకుంటాయి కూడా.

“మాది ఎస్‌ఎస్‌డీ, అందులో తిరిగే చక్రమే లేదు” అంటారు కొందరు. నిజమే, దానికి గీతల భయం లేదు. కాని గుమాస్తా కాగితాల సంగతీ, పట్టిక సంగతీ దానికీ వర్తిస్తాయి.

యంత్రం చేతిలోంచి మన చేతిలోకి

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1969లో అమెరికాలో బెల్ లాబొరేటరీలలో యూనిక్స్ పుట్టిన తరవాత, యంత్రం ఆపేముందు “సింక్” అనే ఆజ్ఞ ఇవ్వడం ఆచారమయింది. “వ్రాయవలసినదంతా వ్రాసెయ్” అని దాని అర్థం. ఒకసారి చాలదన్నట్లు మూడుసార్లు కొట్టేవారు పాతకాపులు.

1984లో వచ్చిన ఆపిల్ మ్యాకింటాష్‌లో ఫ్లాపీని బయటికి తీసే మీటే వుండేది కాదు. మనం తెరమీద సెలవడిగితే, యంత్రమే తన లెక్కలు ముగించుకుని ఫ్లాపీని బయటికి నెట్టేది. తొందరపడదామన్నా వీలు లేదు. తరవాత 1996లో యూఎస్‌బీ వచ్చింది. యంత్రం నడుస్తూ వుండగానే ఏ వస్తువునైనా తగిలించవచ్చు, తీయవచ్చు. దాని ప్లగ్గును జాగ్రత్తగా చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. వెడల్పాటి పాత ప్లగ్గులోని నాలుగు రేకులలో కరెంటు మోసే రెండూ కాస్త పొడుగు, సమాచారం మోసే రెండూ పొట్టి. పెట్టేటప్పుడు కరెంటు ముందు అందాలనీ, తీసేటప్పుడు చివర పోవాలనీ అలా చేశారు. దానివల్ల తీగ లాగితే యంత్రం కాలిపోదు. కాని ప్లగ్గు వస్తువును కాపాడుతుందే గాని, వస్తువులో వ్రాసేదాన్ని కాపాడలేదు. మీట పోయింది, తాళం పోయింది. బాధ్యత మన చేతికి వచ్చింది.

మనుషుల తొందర తెలిసిన మైక్రోసాఫ్ట్ 2018లో ఒక మెట్టు దిగింది. విండోస్ 10లో 1809 అనే కూర్పు నుంచి బయటి డిస్కులకు “క్విక్ రిమూవల్” అనే ఏర్పాటు మామూలుగా వుంటోంది. అంటే కాగితం ముక్కల వాడకం తగ్గించి, పద్దు వచ్చినప్పుడే పుస్తకంలో వ్రాయడమన్నమాట. ఈ రోజుల్లో చాలాసార్లు ఏమీ కాకపోవడానికి ఇదొక కారణం. దీన్ని పట్టుకుని “ఇక చెప్పి తీయనక్కరలేదు” అని ప్రచారం చేసేవారున్నారు. అది సగం నిజం. వ్రాత జరుగుతూ వుండగా తీస్తే ఏ ఏర్పాటూ కాపాడదు. మనకు తెలియకుండా వైరస్ పరిశీలనలూ, ఫొటోల సర్దుబాట్లూ వెనక జరుగుతూనే వుంటాయి. పైగా ఎవరైనా వేగం కోసం “బెటర్ పెర్ఫార్మెన్స్” ఏర్పాటు పెట్టి వుంటే పాత కథే. ఇతరుల కంప్యూటరులో ఏ ఏర్పాటు వుందో మనకేం తెలుసు?

సెలవు తీసుకునే పద్ధతి

పని చాలా సులువు. అర నిమిషం కూడా పట్టదు.

ముందుగా ఆ డిస్కులోంచి తెరిచిన ఫైళ్ళన్నీ భద్రపరచి మూసెయ్యండి. విండోస్‌లో తెర క్రింద కుడిమూల, గడియారం దగ్గర యూఎస్‌బీ బొమ్మ వుంటుంది. కనబడకపోతే అక్కడి చిన్న బాణం గుర్తు నొక్కండి. బొమ్మ నొక్కి, మీ డిస్కు పేరు ఎదుట “ఎజెక్ట్” అన్నది ఎంచుకోండి. “సేఫ్ టు రిమూవ్” అని జవాబు వస్తుంది. మ్యాక్‌లో అయితే ఫైండరులో డిస్కు పేరు ప్రక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కాలి, లేదా డిస్కు బొమ్మను చెత్తబుట్ట మీదికి లాగాలి. చెత్తబుట్ట అని భయపడకండి, ఏమీ చెరిగిపోదు. లినక్స్‌లోనూ ఎజెక్ట్ గుర్తే; ఆజ్ఞలు వ్రాసేవారికి “అన్‌మౌంట్” వుంది. ఆండ్రాయిడ్ ఫోనుకు తగిలించిన డిస్కు అయితే సెట్టింగ్స్‌లో స్టోరేజి దగ్గర ఎజెక్ట్ దొరుకుతుంది.

జవాబు వచ్చిన తరవాత కూడా తిరిగే డిస్కును వెంటనే ఎత్తకండి. కొన్ని పెట్టెలలో పళ్ళెం ఇంకా తిరుగుతూ వుంటుంది. తీగ తీసి, ఒక పది పదిహేను సెకండ్లు బల్లమీద అలాగే వుంచండి. చేతికి అదురు తెలియడం మానాక సంచిలో వేసుకోండి. తీసేటప్పుడు తీగను కాదు, ప్లగ్గును పట్టుకుని తిన్నగా లాగాలి.

సెలవు ఇవ్వనంటే?

ఒక్కొక్కప్పుడు కంప్యూటరు “ఈ డిస్కు వాడుకలో వుంది” అని మొండికేస్తుంది. చాలామందికి ఓపిక చచ్చి తీగ లాగేది ఈ ఘట్టంలోనే. కాని అది పేచీ కాదు, హెచ్చరిక. ఏదో ప్రోగ్రాము ఇంకా పుస్తకం తెరిచి పెట్టుకుని వుంది. వీడియో ప్లేయరూ, డాక్యుమెంట్లూ, ఆ డిస్కును చూపిస్తున్న కిటికీలూ మూసెయ్యండి. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ అడగండి. అప్పటికీ వినకపోతే కంప్యూటరును పూర్తిగా షట్‌డౌన్ చేసి, తెర ఆరి, దీపాలు ఆరిన తరవాత తీయండి.

షట్‌డౌన్ వేరు, నిద్రపుచ్చడం వేరు సుమా! ల్యాప్‌టాప్ మూత మూస్తే సాధారణంగా అది కునుకు తీస్తుంది, అంతే. డిస్కు తన దగ్గరే వుందని దాని నమ్మకం. ఆ సమయంలో తీసి, మరో కంప్యూటరులో మార్పులు చేసి, మళ్ళీ తెచ్చి తగిలిస్తే రెండు లెక్కలకూ పొంతన కుదరకపోవచ్చు. మూత మూసేముందే ఎజెక్ట్ చెయ్యడం మంచిది.

విడిగా కరెంటు ప్లగ్గు వుండే పెద్ద డిస్కులు వాడేవారు, అది వ్రాస్తూ వుండగా కరెంటు పోకుండా యూపీఎస్ పెట్టుకోవాలి. వేసవి కాలంలో కరెంటు కోత మనల్ని సెలవు అడిగి రాదు గదా!

పొరపాటున లాగేస్తే

ముందు కంగారు పడకండి. అదే కంప్యూటరుకు మళ్ళీ తగిలించండి. మామూలుగా తెరుచుకుంటే ముఖ్యమైన ఫైళ్ళను మరోచోటికి కాపీ చేసుకుని, చివర వ్రాసిన ఫైళ్ళు తెరిచి చూడండి. ఆ తరవాత విండోస్‌లో డిస్కు ప్రాపర్టీస్‌లోని “టూల్స్”లో తప్పులు సరిచూసే ఏర్పాటు వుంది, దాన్ని నడపండి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీలో “ఫస్ట్ ఎయిడ్” అదే పని చేస్తుంది.

డిస్కు తెరుచుకోకుండా “వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?” అని కంప్యూటరు అడగవచ్చు. ఇక్కడ ఒకే ఒక్క నియమం: వద్దనండి! చాలాసార్లు పట్టిక మాత్రమే చెడి వుంటుంది, లోపలి సరుకు అలాగే వుంటుంది. ఫార్మాట్ చేసి, దానిమీద క్రొత్తవి వ్రాస్తే వున్న ఆశ కూడా పోతుంది. లోపలిది అమూల్యమైనదైతే మరమ్మతు ప్రోగ్రాములు కూడా నడపకుండా, సమాచారం రాబట్టే పని తెలిసినవారికి అప్పగించండి. డిస్కులోంచి టక్కు టక్కుమని చప్పుడు వస్తే మాత్రం తక్షణం కరెంటు తీసెయ్యండి. మళ్ళీ మళ్ళీ తగిలించి చూసినకొద్దీ తల పళ్ళేన్ని గీసే ప్రమాదం వుంది.

రెండో ప్రతి

చివరగా ఒక సంగతి. ఎంత మర్యాదగా సెలవు తీసుకున్నా ప్రతి డిస్కుకూ ఒకనాడు ఆయువు తీరుతుంది. అందుచేత తిరిగి సంపాదించలేని వాటికి మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద వుండాలి, అందులో ఒకటి ఇంటికి దూరంగా వుండాలి అని ఈ రంగంలోని వారు చెబుతారు. అంత చెయ్యలేకపోయినా రెండో డిస్కు ఒకటి కొని, ఒక ప్రతి తమ్ముడి ఇంట్లోనో, అక్కయ్య ఇంట్లోనో వుంచండి. వందల ఫొటోలకు ప్రాణం పోసే ఖర్చు ఒక పట్టుచీర ఖరీదుకు మించదు.

మన ఇళ్ళలో ఎవరూ గుమ్మం దాటేటప్పుడు “వెళుతున్నాను” అనరు, “వెళ్ళొస్తాను” అంటారు. లోపలివారు “మంచిది, వెళ్ళిరా” అన్నాకే అడుగు బయట పెడతారు. హార్డ్‌డిస్కు విషయంలోనూ అడగడం ఒక్కటే చాలదు, ఆ జవాబు వినేదాకా ఆగాలి. ఆ పది సెకండ్లు ఆగినవారి పెళ్ళి వీడియోలో మూడు ముళ్ళూ పడతాయి.